తుపాకి కర్రకు పలకను ఎంచడం: అక్రోటే ఎందుకు? అందులో ఏది, ఎలా?

రైఫిల్‌లో గురి చూసేది కన్ను, తూటాను పంపేది ఇనుము. మరి కర్ర గురించి ఇంత పట్టింపు ఎందుకు?

ఇనుమును కంటి ముందు కదలకుండా నిలబెట్టేది కర్ర కాబట్టి. తూటా ముందుకు దూసుకెళ్లే క్షణంలోనే తుపాకి వెనక్కి తంతుంది. ఆ తన్నును ఇనుము నుంచి అందుకుని భుజానికి చేర్చేదీ కర్రే. అమెరికాలో వందేళ్లకు పైగా వాడుకలో ఉన్న .30-06 తూటానే తీసుకుంటే, మూడున్నర కిలోల రైఫిల్‌లో దాని తన్ను సుమారు 27 జౌళ్లు. ఆఫ్రికాలో అడవిదున్నల వేటకు వాడే .375 హెచ్ అండ్ హెచ్‌కు అది దాదాపు రెట్టింపు. ఆ దెబ్బ రెప్పపాటు కూడా పట్టని సమయంలో పడుతుంది. తుపాకి పేలినప్పుడల్లా అదే చోట పడుతుంది.

ఆ చోటేదో తెలిస్తే పలకను, అంటే కర్ర చెక్కడానికి తీసుకునే చెక్క దిమ్మను, ఎంచడం సగం తెలిసినట్టే. భుజానికి ఆనే వెడల్పాటి వెనుక భాగం మడమ. ట్రిగ్గర్ వెనుక చేతిలో ఇమిడే సన్నని భాగాన్ని మెడ అనుకుందాం. బ్యారెల్ కింద ముందుకు సాగేది ముందుకర్ర. మడమ లావుగా ఉంటుంది కనుక దానికి పెద్దగా ఏమీ కాదు. ముందుకర్ర పొడుగ్గా, పలచగా ఉంటుంది. అది ఏమాత్రం వంగినా బ్యారెల్‌ను తాకి గురిని పక్కకు లాగుతుంది. ఇక మెడ సన్నగా ఉండటమే కాదు, యంత్రాంగం కూర్చోవడానికి తొలిచిన గాడి సరిగ్గా దాని ముందే ముగుస్తుంది. తన్నంతా ఆ ఇరుకులోంచే వెనక్కి పోవాలి. పగిలే కర్ర ఎక్కువగా పగిలేది అక్కడే.

ఫ్యాక్టరీ రైఫిల్ కొనేవాళ్లకు ఈ చింత ఉండదు, వచ్చిన కర్ర వచ్చినట్టు తీసుకుంటారు. కస్టమ్ రైఫిల్ చేయించుకునేవాళ్లు మాత్రం పలకను తామే ఎంచుకోవాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది. ఈ పని వేళ్లూనుకున్నది ఎక్కువగా అమెరికాలో, ఐరోపాలో. అక్కడ ఒక పలక వంద డాలర్ల లోపూ దొరుకుతుంది, కొన్ని వేల డాలర్లూ పలుకుతుంది. అమ్మేవాళ్లు పలకలకు స్టాండర్డ్, సెమీ ఫ్యాన్సీ, ఫ్యాన్సీ, ఎగ్జిబిషన్ అంటూ మెట్లు పెడతారు. అందరికీ ఒకే కొలమానం లేదు, ఎవరి మెట్లు వాళ్లవే. అన్నింటికంటే ముఖ్యంగా, ఆ మెట్లు కొలిచేది అందాన్నే, బలాన్ని కాదు. వేల డాలర్ల పలక మెడ దగ్గర పుటుక్కుమనే పలక కావచ్చు. అందుకే నా మాట ఒక్కటే: ముందు నార, తర్వాత ఎండుదనం, ఆ తర్వాతే అందం. ఈ వరస తప్పితే ఎంత ఖరీదు పెట్టినా ఫలితం ఉండదు.

అన్ని చెక్కలుండగా అక్రోటే ఎందుకు?

తుపాకి కర్రకు నాలుగు గుణాలు కలిసి రావాలి. మోయగలిగే బరువు, దెబ్బకు చీలిపోని ఓర్పు, తేమ మారినా పెద్దగా కదలని స్థిరత్వం, ఉలికి లొంగే మెత్తదనం. విడివిడిగా చూస్తే ఒక్కో గుణంలో అక్రోటును మించిన చెక్కలు చాలానే ఉన్నాయి. నాలుగూ కలిపి చూస్తే దాన్ని దాటే చెక్కను చూపించడం కష్టం. ఎండిన అక్రోటు ఘనమీటరుకు 600 నుంచి 650 కిలోల దాకా తూగుతుంది. యంత్రాంగం కోసం వెంట్రుకవాసి తేడా లేకుండా గాడి తొలిచినా అంచులు పెచ్చులు లేవవు. నూనె పట్టిస్తే లోపలికి పీల్చుకుని రంగు తేలుతుంది.

మన దగ్గర ఇంత మంచి చెక్కలుండగా అవెందుకు కావు అని తెలుగు పాఠకులకు అనిపించడం సహజం. టేకు సంగతి చూద్దాం. తేమకు కదలకపోవడంలో టేకు అక్రోటు కంటే మెరుగు. తలుపులకూ పడవలకూ దాన్ని వాడటానికి కారణం అదే. కానీ హఠాత్తుగా పడే దెబ్బను ఓర్చుకోవడంలో టేకు వెనకబడుతుంది. దానిలోని ఇసుకలాంటి సిలికా ఉలి అంచును త్వరగా తినేస్తుంది, సహజమైన నూనె జిగురును సరిగా అంటుకోనివ్వదు. జిట్టేగి, అంటే ఇండియన్ రోజ్‌వుడ్, ఘనమీటరుకు 800 కిలోలు దాటుతుంది. మొత్తం కర్రకు అది బరువెక్కువ. అయితే ముందుకర్ర కొసన తొడిగే చిన్న ముక్కకు, మెడ కింద అతికించే బిళ్లకు రోజ్‌వుడ్ ఎంతో పేరున్న చెక్క.

ఎర్రచందనం మాటేమిటి? శేషాచలం, పాలకొండ, వెలిగొండ లాంటి తూర్పు కనుమల దక్షిణ కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టు చేవ నీళ్లలో మునిగేంత బరువు. అక్రోటుతో కిలో తూగే కర్రను అదే ఆకారంలో ఎర్రచందనంతో చెక్కితే 1,700 గ్రాములు దాటుతుంది. రోజంతా కొండలెక్కే వేటగాడికి ఆ 700 గ్రాములు నరకం. 1995 నుంచి ఆ చెట్టు సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, అడవిలో దాన్ని కొట్టడం నేరం. ఒక సంగతి మాత్రం ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఎర్రచందనంలో అలలు తిరిగిన నార ఉన్న దుంగకు జపాన్‌లో వాద్యాల తయారీ కోసం ప్రత్యేకమైన గిరాకీ. తుపాకి కర్రల వాళ్లు అక్రోటులో వెతికేదీ సరిగ్గా ఆ అలల నారనే. చెక్క వేరైనా, మనిషి కన్ను కోరుకునేది ఒక్కటే.

అక్రోటు మీద సైన్యాలకు ఎంత ఆశ ఉండేదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికాకు తుపాకి కర్రల కోసం, విమానాల ప్రొపెల్లర్ల కోసం నల్ల అక్రోటు కావలసి వచ్చింది. పొలంగట్ల మీద, పెరళ్లలో ఎక్కడెక్కడ చెట్లున్నాయో లెక్క తీయమని 1918లో అధ్యక్షుడు విల్సన్ బాయ్ స్కౌట్లను కోరారు. పిల్లలు ఊరూరా తిరిగి చెట్లు లెక్కపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఎం1 గరాండ్ రైఫిళ్లకు ఎక్కువగా ఆ చెక్కే వాడారు. జర్మనీ మాత్రం 1930ల చివర్లో తన మౌజర్ రైఫిళ్లను పలచని బీచ్ పొరలు అతికించిన కర్రకు మార్చేసింది. రష్యా బర్చ్‌తో సరిపెట్టుకుంది, ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీ క్వీన్స్‌లాండ్ మేపుల్, కోచ్‌వుడ్ వాడింది. అక్రోటు లేకపోయినా తుపాకులు పేలాయి. అయితే తన కోసం తాను ఒక్క కర్ర చేయించుకునే మనిషి మళ్లీ అక్రోటు దగ్గరికే వస్తాడు.

దానికి గట్టి పోటీ ఇచ్చింది ఒక్క మేపుల్. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ కమ్మరులు చేసిన పొడుగాటి రైఫిళ్లకు చారల మేపులే వాడారు. తెల్లటి చెక్కకు ఇనుము కరిగిన నత్రికామ్లం పూసి, సెగ చూపిస్తే చారలు ఎర్రటి గోధుమ రంగులో పైకి తేలేవి. ఆ పద్ధతిని ఇప్పటికీ పాటించేవాళ్లున్నారు. మేపుల్ గట్టిది, బరువైనది, సన్నటి చెక్కడానికి చక్కగా లొంగుతుంది. పాత పద్ధతి రైఫిల్‌కు దాన్ని మించింది లేదు.

ఇంగ్లిష్, ఫ్రెంచి, టర్కిష్ అంటూ అక్రోటుకు ఇన్ని పేర్లెందుకు? ఏది ఏది?

ఇంగ్లిష్, ఫ్రెంచి, టర్కిష్, సర్కాసియన్, కాశ్మీరీ... ఇవన్నీ ఒకే చెట్టు. శాస్త్రీయనామం జగ్లాన్స్ రీజియా, మనం తినే అక్రోటు కాయలు కాసేది అదే. మధ్య ఆసియా, పర్షియా ప్రాంతాల నుంచి మనుషులతో పాటు ఐరోపాకు నడిచింది. పేరులో ఉన్నది అది పెరిగిన నేల. నేలను బట్టి, వయసును బట్టి రంగు మారుతుంది. టర్కీ కొండల్లోని ముసలి చెట్ల చేవలో తేనెరంగు మీద సిరా ఒలికినట్టు నల్లటి గీతలు సాగుతాయి. లండన్‌లో పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి పాత సంస్థలు ఈ పలకల కోసమే చూస్తాయి. కాశ్మీరు చెక్క శిల్పులు వేరు చెక్క, మాను చెక్క, కొమ్మ చెక్క అని విడదీసి, అన్నింటికంటే ముదురుగా ఉండే వేరు చెక్కకు ఎక్కువ విలువ కడతారు. తుపాకి పలకలకూ అదే లెక్క, మంచివి చెట్టు మొదలు నుంచే వస్తాయి. కాశ్మీరులో అక్రోటు చెట్టును కొట్టాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. 1969 నుంచి ఆ చెట్టుకు చట్టపు రక్షణ ఉంది.

అమెరికాకు సొంతమైనది నల్ల అక్రోటు. ఒకే తీరు ముదురు గోధుమ రంగు, నిటారు నార, అందుబాటు ధర. పనికొచ్చే కర్ర కావాలనుకునేవాళ్లకు దీన్ని మించిన సలహా ఇవ్వలేను. రంధ్రాలు కాస్త పెద్దవి కాబట్టి నూనె పట్టించే ముందు వాటిని ఓపికగా పూడ్చుకోవాలి.

కాలిఫోర్నియా కథ వేరు, నాకు అన్నింటికంటే ఇష్టమైనదీ అదే. ఆ రాష్ట్రం ఉత్తర భాగంలో క్లారో అనే అక్రోటు సహజంగా పెరుగుతుంది. కాయ చిన్నది, పెంకు మందం, తోటకు పనికిరాదు. కానీ వేరు మొండిది, నేలలోని తెగుళ్లను తట్టుకుంటుంది. అందుకని రైతులు క్లారో మొక్క మీద కాయలు కాసే ఇంగ్లిష్ అక్రోటును అంటుకట్టారు. కింద ఒక చెట్టు, పైన ఒక చెట్టు. దశాబ్దాల తర్వాత కాపు తగ్గి తోటను తీసేసినప్పుడు, కర్రల వాళ్లు ఆ మానును నేలమట్టానికి కాదు, వేళ్లతో సహా తవ్వుకుంటారు. అంటు దగ్గర కోసిన పలకలో ఒకవైపు క్లారో ముదురు ఎరుపు, మరోవైపు ఇంగ్లిష్ లేత తేనెరంగు, మధ్యలో రెండూ కలిసే చోట కెరటాలు కనిపిస్తాయి. కాయల కోసం రైతు చేసిన పని ఎన్నో ఏళ్లకు ఇలా మరొకరి చేతిలో తేలుతుంది. ఇదే కాలిఫోర్నియాలో శాంటా రోజాకు చెందిన మొక్కల పెంపకందారు లూథర్ బర్బాంక్ 19వ శతాబ్దం చివర్లో ఈ రెండు జాతులనూ నేరుగా సంకరం చేశాడు. పారడాక్స్ అని పేరు పెట్టిన ఆ చెట్టు వేగంగా పెరిగింది, కాయలు మాత్రం అరకొర. తుపాకి కర్రల వ్యాపారంలో దాని చెక్కను బాస్టోన్ అంటారు.

క్లారో, ఇంగ్లిష్, బాస్టోన్‌లలో క్లారో అందగత్తె, కానీ మెత్తన. పట్టు జారకుండా మెడ మీద, ముందుకర్ర మీద వజ్రాకారపు గళ్లు చెక్కుతారు. అంగుళానికి 18 నుంచి 24 గీతలు మామూలు. క్లారో మీద మరీ సన్నటి గళ్లు చెక్కితే మొనలు రాలిపోతాయి. ఇంగ్లిష్ అక్రోటు అంతకంటే సన్నటి పనికీ నిలుస్తుంది. బాస్టోన్ దట్టంగా, గట్టిగా ఉండి భారీ తన్నును ఓర్చుకుంటుంది. కాస్త బరువైనా పెద్ద తూటాల రైఫిల్‌కు నేను బాస్టోన్‌నే సిఫారసు చేస్తాను.

చెక్కలో ఆ అలలు, ఈకలు, మచ్చలు ఎలా వస్తాయి?

మామూలుగా చెట్టు నార మాను పొడుగునా నిటారుగా సాగుతుంది. అది అలలు అలలుగా సాగిన చెట్టును కోస్తే, కోత ఒక చోట నార కొసలను, ఒక చోట నార పక్కలను బయటపెడుతుంది. ఒకటి వెలుగును మింగుతుంది, మరొకటి వెనక్కి పంపుతుంది. కర్రను చేతిలో తిప్పుతుంటే పట్టుచీర మడతల మీద మెరుపు జరిగినట్టు ఆ చారలు జరుగుతాయి. వయొలిన్ వెనుక పలకల్లో కనిపించేదీ ఇదే కాబట్టి వీటికి ఫిడిల్‌బ్యాక్ అనే పేరు. వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోస్తే ఈ చారలు బాగా తేలుతాయి.

మాను రెండు కొమ్మలుగా చీలే పంగలో రెండు వైపుల నారలూ ఒకదాన్నొకటి నొక్కుకుంటూ పెరుగుతాయి. దాన్ని నిలువునా కోస్తే నెమలి ఈకలాంటి రూపం తేలుతుంది. బెరడు కింద మొగ్గలు గుంపుగా పుట్టి, ఎదగక, గడ్డకట్టిన చోట బుడిపె వస్తుంది. అందులో నార ఒక దిక్కు అంటూ లేకుండా సుడులు తిరుగుతుంది. చేవలోకి రంగు పదార్థాలు సమంగా చేరకపోతే పొగలాంటి నల్లటి గీతలు వస్తాయి. చచ్చిన చెక్కలో బూజులు హద్దులు గీసుకున్న నల్లటి గీతలూ కొన్నిసార్లు కనిపిస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నా అది కుళ్లు మొదలైన చెక్క. తుపాకికి వద్దు.

ఇక్కడొక చిక్కుంది. నారను వంకర తిప్పే ప్రతిదీ చెక్కకు అందాన్నిస్తుంది, అదే బలాన్నీ తీసేస్తుంది. చెక్క బలమంతా నార పొడుగులోనే ఉంది. పంగ చెక్క నొక్కుకున్న గీత వెంట చీలుతుంది, ఎండేటప్పుడు ఒక్కోచోట ఒక్కోలా కుంచించుకుని బీటలిస్తుంది. బుడిపెలో పొడుగు నారే లేదు. అలల చారలు వీటన్నింటిలో తక్కువ ప్రమాదం, అందుకే అవి మెడ దాకా వచ్చినా చాలామంది ఒప్పుకుంటారు.

మరి ఒకే పలకలో అందం, బలం రెండూ ఎలా దక్కుతాయి?

అవి ఉండాల్సిన చోట్లు వేరు కాబట్టి దక్కుతాయి. అందం మడమకు కావాలి, బలం మెడకూ ముందుకర్రకూ కావాలి. మంచి పలకలో ఈక, సుడి, నల్లటి పొగ వెనుక మూడోవంతులో ఆగిపోతాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి నార సర్దుకుంటుంది, ముందుకర్రలో నిటారుగా సాగుతుంది. అలాంటి పలకకే నిజమైన విలువ, ఎందుకంటే చెట్టు మొదలును సరైన చోట, సరైన కోణంలో కోసిన మనిషికే అది దొరుకుతుంది. ముందు నుంచి వెనక దాకా సుడులతో నిండిన పలక చూడగానే గుండె ఆగినంత పని చేస్తుంది. దాన్ని బల్ల మీద పెట్టెగా చేయించుకోండి, రైఫిల్‌కు వద్దు.

పని మొదలుపెట్టేది కర్ర ఆకారంలో కత్తిరించిన పారదర్శక అట్టతో. ఒంటి ముక్క కర్రకు పలక 80 నుంచి 90 సెంటీమీటర్ల పొడుగు, మడమ వైపు 15 నుంచి 18 సెంటీమీటర్ల ఎత్తు, 6 సెంటీమీటర్లకు పైగా మందం ఉంటుంది. అట్టను పలక మీద పెట్టి పైకి, కిందికి, కొంచెం వాలుగా జరుపుతూ చూడాలి. ముందుకర్రలో నార బ్యారెల్‌కు సమాంతరంగా ఉందా? మెడలో నార ఆ మెడ వాలునే పట్టుకుని మడమలోకి దిగుతుందా? మెడను అడ్డంగా కోసుకుంటూ పైనుంచి కిందికి బయటపడుతోందా? బయటపడితే అట్టను జరపండి. ఎంత జరిపినా కుదరకపోతే పలకను పక్కన పెట్టండి. పక్క ముఖం చూశాక పలకను నిలబెట్టి పై అంచును కూడా చూడాలి. పక్క నుంచి తిన్నగా కనిపించే నార, పై నుంచి చూస్తే ఏటవాలుగా ఒక వైపుకు జారిపోతుండవచ్చు.

చాలామంది బోల్తాపడేది నల్లటి గీతల దగ్గర. పలక మీద కొట్టొచ్చినట్టు కనిపించేవి అవే కనుక వాటినే నార అనుకుంటారు. కానీ అవి రంగు చేరిన దారులు మాత్రమే, నార వాటిని దాటుకుని వేరే దిక్కున సాగుతుండవచ్చు. అసలు నారను చెప్పేవి సూదిమొనతో గీసినట్టుండే చిన్న చిన్న రంధ్రాల గీతలు. భూతద్దం పట్టుకుని వాటి దిక్కు చూడండి. పలక కొసన ఎండలో పడిన సన్నటి బీట ఉంటే దాన్నీ చూడండి, బీట ఎప్పుడూ నార వెంటే నడుస్తుంది, అబద్ధం చెప్పదు.

అందం విషయంలో అమెరికాలో రెండు అభిరుచులు పక్కపక్కనే పెరిగాయి. 1945లో కాలిఫోర్నియాలో రాయ్ వెదర్‌బీ మొదలుపెట్టిన సంస్థ మెరిసే క్లారో కర్రలతో, రోజ్‌వుడ్ కొసతో, తెల్లటి మేపుల్ వజ్రాలతో కళ్లు జిగేల్‌మనిపించింది. అవుట్‌డోర్ లైఫ్ పత్రికలో దశాబ్దాలు రాసిన జాక్ ఓకానర్ దారి వేరు. స్పోకేన్‌కు చెందిన అల్ బీసెన్ ఆయన .270 వించెస్టర్‌కు ఫ్రెంచి అక్రోటుతో చేసిన కర్ర సన్నగా, నిరాడంబరంగా, నూనె మెరుపుతో ఉంటుంది. ఈ రెండింటిలో నా మనసు ఎప్పుడూ బీసెన్ కర్ర వైపే మొగ్గుతుంది. అందులో చెక్క తన పనేమిటో మరచిపోదు.

పలక ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది?

పచ్చి నల్ల అక్రోటు చేవలో ఉండే నీరు, దాని పొడి చెక్క బరువులో 90 శాతం దాకా ఉంటుంది. ఈ నీటిలో ఎక్కువ భాగం పోయినా చెక్క కదలదు. తేమ 30 శాతం కంటే దిగువకు వచ్చాకే కుంచించుకోవడం మొదలవుతుంది. అప్పుడూ అన్ని వైపులా ఒకేలా కాదు. నార పొడుగున కదలిక దాదాపు ఉండదు, వలయాల చుట్టుకొలత దిక్కున ఎక్కువ. ఈ అసమానతే వంకరకూ బీటలకూ మూలం.

లెక్క ఇలా ఉంటుంది. నల్ల అక్రోటు 50 మిల్లీమీటర్ల వెడల్పుకు, తేమ ఒక్క శాతం మారితే 0.13 మిల్లీమీటర్లు కదులుతుంది. అరిజోనా ఎడారిలో 6 శాతం దగ్గర స్థిరపడ్డ కర్రను విశాఖలాంటి తీరంలో, గాలిలో తేమ 75 శాతం ఉండే చోట పెడితే అది మెల్లగా 14 శాతానికి చేరుతుంది. అంటే మిల్లీమీటరు పైనే ఉబ్బుతుంది. బ్యారెల్‌కూ కర్రకూ మధ్య వదిలే సందు సాధారణంగా అంతకంటే తక్కువ. బాగా ఎండని పలకతో చేసిన కర్రకు ఈ కదలిక మొదటి ఏడాదే వస్తుంది, వంకరతో సహా.

అందుకే తొందర పనికిరాదు. గాలికి ఎండబెట్టేటప్పుడు అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. రెండున్నర అంగుళాల పలకకు మూడేళ్ల దాకా పడుతుంది. కోసిన వెంటనే కొసలకు మైనం పూస్తారు, లేకపోతే కొసల్లోంచి నీరు పరుగున పోయి బీటలు లోపలికి పాకుతాయి. ఆవిరి పెట్టిన అక్రోటూ వద్దు, దానికి కారణం వేరు. ఫర్నిచర్ మిల్లులు బెరడుకు ఆనుకుని ఉండే తెల్లచెక్కకూ లోపలి చేవకూ రంగు కలవడానికి ఆవిరి పెడతాయి. దాంతో ఎరుపు, ఊదా, తేనె ఛాయలన్నీ ఒకే మట్టిరంగులోకి చదునైపోతాయి. కొనేముందు ఆవిరి పెట్టిందా అని తప్పక అడగండి.

తేమ మీటరు లేకపోయినా ఫరవాలేదు, వంటింటి త్రాసు చాలు. పలకను ఇంటికి తెచ్చి తూచి, తేదీతో సహా దాని మీదే పెన్సిల్‌తో రాయండి. నెలకోసారి మళ్లీ తూచండి. బరువు తగ్గుతున్నంత కాలం అది ఎండుతూనే ఉంది. వరుసగా కొన్ని నెలలు అంకె మారకపోతే ఆ పలక మీ ఇంటి గాలికి అలవాటు పడింది.

కొనేటప్పుడు చేతిలో ఏం ఉండాలి, ఏం అడగాలి?

ఒక గుడ్డ, కాస్త మినరల్ స్పిరిట్, భూతద్దం, అట్ట. పొడి పలక బూడిదరంగులో నిద్రపోతుంటుంది. స్పిరిట్‌తో తడిపితే నూనె పట్టించాక ఎలా ఉంటుందో నిమిషం పాటు చూపిస్తుంది. నీళ్లు వాడకండి, నార లేచిపోతుంది. రెండు ముఖాలూ తడిపి చూడాలి. ఒకవైపు అద్భుతంగా, రెండోవైపు తెల్లచెక్కతో ఉన్న పలకలు చాలానే అమ్ముడవుతాయి. తెల్లచెక్క మెత్తన, పురుగు పట్టేదీ దానికే. మడమ అడుగున కాస్త ఉంటే కోతలో పోతుంది, మెడలో ఉంటే వద్దు. ఫోటో చూసి కొంటే రెండు వైపులూ, పై అంచూ, రెండు కొసలూ పంపమని అడగండి. అడిగితే విసుక్కునేవాళ్ల దగ్గర కొనకండి.

ఏ రైఫిల్‌కు అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. .22 రైఫిల్ తన్ను ఉందా లేదా అన్నట్టుంటుంది. పంగ చెక్క ఈక మీద మోజు ఉంటే ఆ ముచ్చట ఇక్కడ తీర్చుకోవచ్చు, మెడలో నార కాస్త నిటారుగా ఉంటే చాలు. .270, .30-06 తరగతికి మడమలో అలలు, మెడ నుంచి ముందుకు తిన్నని నార ఉన్న ఇంగ్లిష్ లేదా నల్ల అక్రోటు. .375, అంతకు పైబడిన వాటికి అందం సంగతి తర్వాత, దట్టమైన బాస్టోన్ లేదా బరువైన ఇంగ్లిష్ పలక, మెడ గుండా ఒక్క నార కూడా పక్కకు బయటపడనిది కావాలి. వాటికి యంత్రాంగం కూర్చునే చోట కర్రకు అడ్డంగా ఉక్కు బోల్టులు కూడా దిగుతాయి.

పని మొదలయ్యాక కూడా ఒక విరామం అవసరం. యంత్రాంగం కోసం గాడి తొలిచి, బయటి ఆకారం ముతకగా చెక్కాక పలకలో కొత్త ముఖాలు గాలికి తెరుచుకుంటాయి, లోపల బిగిసి ఉన్న ఒత్తిళ్లు వదులవుతాయి. కొన్ని వారాలు అలా వదిలేస్తే రావాల్సిన వంకర అప్పుడే వచ్చేస్తుంది, దాన్ని చివరి చిత్రికతో సరిచేసుకోవచ్చు. ఆ తర్వాతే నూనె. అది బయటికి మాత్రమే కాదు, గాడి లోపల, మడమకు బిగించే బిళ్ల కింద, స్క్రూ రంధ్రాల్లో కూడా పట్టించాలి. నూనె తేమను ఆపదు, నెమ్మదింపజేస్తుంది. పూయకుండా వదిలిన చోట కొస నార బయటపడి ఉంటే తేమ అక్కడి నుంచే ముందుగా లోపలికి దిగుతుంది.